కారులో బెల్లం పాకం వాసన

ఇవాళ కొండాపూర్ సిగ్నల్ దగ్గర మా కారు వేడెక్కి ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూసిన మెకానిక్, "కింద చుక్క లేదు, కూలెంట్ మాత్రం ఖాళీ. ఇంజన్ ఇప్పాలె సార్" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. లోపల బెల్లం పాకం వాసన వస్తోంది మరి.

ఆ వాసన నాకు చిన్నప్పుడే తెలుసు. మియాపూర్‌లో నాన్న పాత కారు! మీ ఇళ్లలోనూ ఉండేది కదా, ఎండకు తొడలు కాల్చే రెగ్జిన్ సీట్లతో? అందులోనూ రేడియేటర్‌లో తీపి వాసన వేసే కూలెంట్ కలిపిన నీళ్లు రోజూ తగ్గేవి. నాన్న కారు కింద పాత పేపర్లు పరిచేవాడు. అవి పొడిగానే ఉండేవి. అమ్మ కాళ్ల దగ్గర మ్యాట్ మాత్రం తడిసేది.

"నీళ్ల సీసా మూత సరిగ్గా పెట్టవు" అని నాన్న అమ్మ మీద గుర్రుమనేవాడు.

"సీసా నేను తేలేదండీ" అనేది అమ్మ.

చివరికి చూస్తే లీకయ్యేది డాష్‌బోర్డు వెనక, ఇంజన్ వేడి నీళ్లు తిరిగే హీటర్. మన ఊళ్లో హీటర్ వేసేదెవరు? అందుకే నాన్న దాన్ని వదిలేసి అమ్మను అనుమానించాడు.

పక్క సీటు ముందున్న మ్యాట్ ఎత్తాను. తడిగా, జిగటగా ఉంది. ఈ కథ ఎన్నోసార్లు విన్న మా ఆవిడ నన్నే చూస్తోంది.

"నా దిక్కు చూడకు. సీసా నేను తేలే."