దూడ మలుపు

పైడమ్మ పిన్ని ఎండబెట్టుకున్న రెండు వందల పిడకలను నేను ఒకే ఒక్క సమీకరణంతో నీట ముంచేశాను. నవ్వండి, పరవాలేదు. అందుకే చెబుతున్నాను.

అప్పుడు నేను విజయనగరంలో బీఎస్సీ లెక్కలు, రెండో ఏడాది. మా ఊరు కొత్తవలస అవతల. ఆషాఢం సగం గడిచినా చినుకు లేదు. ఆకుమడిలో వరినారు పసుపు రంగుకి తిరిగి ఎండిపోతోంది. రెండు రోజుల్లో తడి తగలకపోతే ఆ ఏడు నాట్లే లేవు. పై గట్టు వెంట మోటారు కాలవ, దిగువన ఆకుమడి, మధ్యలో జీడితోట. ఈ చివర నిలబడితే ఆ చివర కనబడదు. పిల్లకాలవ ఎటు తవ్వాలో తెలియక నాన్న తల గోక్కుంటున్నాడు.

"నాన్నా, వాలూ, ఒక బిందువూ తెలిస్తే సాలు. గీత దానంతటదే వస్తాది," అన్నాను.

"అయితే గియ్యమ్మా," అన్నాడు నాన్న. పాపం, నమ్మాడు.

ఆ సాయంత్రం అడుగులు కొలిచాను. పై గట్టు మీద నిటారుగా ఒక గుంజ కనబడింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, నేను పట్టిన గుంజకు రెండే నిరూపకాలు: పొలం మూల నుంచి తూర్పుకు పది అడుగులు, ఉత్తరానికి అరవై. తోట చుట్టూ తిరిగి కొలిస్తే ఆకుమడి తూర్పుకు తొంభై, ఉత్తరానికి ఇరవై. వాలు మైనస్ ఒకటి బై రెండు. అంటే తూర్పుకు రెండడుగులు వేస్తే దక్షిణానికి ఒకటి. y – 60 = –½(x – 10). సర్దితే x + 2y = 130. ఆకుమడి అంకెలు వేసి చూశాను: తొంభై, నలభై, నూట ముప్పై! ఆ పూట నాకు అన్నం కూడా అక్కర్లేకపోయింది.

పొద్దున్నే వెళ్తే గుంజకి దూడ కట్టేసి ఉంది, పక్కన మా మామ్మ.

"మామ్మా! నా బిందువుకి దూడని కట్టినావేటి?"

"ఒసే గుంటా, ఆ గుంజ..."

"ఇది లెక్క మామ్మా. నీకు తెలీదు. ఎల్లి మోటారు కాడ నిలబడు."

"పన్నెండింటికి కరెంటెల్లిపోతాది," అని నాన్న గుర్తు చేశాడు.

"అయితే మోటారు ఇప్పుడే ఎయ్యమను. నువ్వు తవ్వుతుంటే ఎనకాలే నీళ్లొస్తాయి."

చూశారా, ధీమా! తూర్పుకు రెండు, దక్షిణానికి ఒకటి అని లెక్కబెడుతూ నేను ముందు, పారతో నాన్న వెనక, నాన్న మడమల దగ్గర నీళ్లు. ముగ్గురం ఊరేగింపుగా జీడితోట దాటి బయటపడ్డాం. ఎదురుగా ఆకుమడి లేదు. పైడమ్మ పిన్ని కళ్లం ఉంది.

"ఓలమ్మో, నా పిడకలు! నాల్రోజులు తట్టినానే! ఎవులే ఈ గంగమ్మని తోలుకొచ్చినది?"

నాన్న నా వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను.

"లెక్క తప్పు లేదు నాన్నా. మడే జరిగినట్టున్నాది."

కేకలు విని మామ్మ వచ్చింది. "మడి జరగలేదే. గుంజ జరిగినాది. అక్కడ గడ్డి అయిపోయినాదని తెల్లారే ముప్పయ్యడుగులు ఇటు మార్సి పాతినాను. సెప్దామంటే లెక్కన్నావు!"

వాలు సరే, గీత సరే, బిందువు మాత్రం గడ్డి కోసం నడిచి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఊరంతా తిరిగి 'మా పిల్ల లెక్క' అని చెప్పుకున్న నాన్న ముఖం చూడలేకపోయాను.

నాన్న గొంతుక్కూర్చుని కాలవ వెంట ఓ కన్ను మూసి చూశాడు. "ఏడవకమ్మా. గీత మాత్రం తిన్నగున్నాది. ఇక్కణ్నించి ఈ కళ్లం గట్టు ఎంట ముప్పయ్యడుగులు ఎనక్కి తిప్పితే మడికి సేరతాది."

పిన్ని నడుముకి కొంగు బిగించింది. "సూస్తా నిలబడ్డారేటి? కరెంటెల్లిపోతాది. పార ఇటియ్యి!"

పిడకలు పోయిన మనిషే ముందుగా పార పట్టింది. మోటారు ఆగే వేళకి ఆకుమడి తడిసింది. నాలుగో రోజుకి నారు తేరుకుంది. ఆ పచ్చదనం చూసినంత సంతోషం నాకు డిగ్రీ పట్టా చూసినా కలగలేదు. జరిమానాగా రెండు వందల పిడకలు తట్టాను. "వరస తిన్నగా ఎయ్యే, నీకు తెలిసినాదదే కదా," అని పిన్ని పక్కనే కూర్చుని తట్టించింది.

ఆ కాలవ ఇప్పటికీ పారుతోంది. దాని వంపుని ఊళ్లో దూడ మలుపంటారు. నేనిప్పుడు హైస్కూల్లో లెక్కల టీచర్ని. సెలవులకి వెళ్తే మామ్మ గుంజ చేత్తో పట్టుకుని ఎదురొస్తుంది: "ఏటే టీచరమ్మా, ఎక్కడ పాతమంటావు? లెక్కేసి సెప్పు."

అందుకే సుద్దముక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై మెడకి పలుపు లేని బిందువు నుంచే గీత గీస్తాను. గీసేముందు మామ్మని అడుగుతాను.