దేవుడి గది బల్బు

బానోత్ నరేశ్‌ది దంతాలపల్లి దగ్గరి తండా. చెల్పూర్ కరెంటు ప్లాంటులో బూడిద ఎత్తే కాంట్రాక్టు పని చేస్తూ, ఫోన్లో చూసి కోడ్ రాయడం నేర్చుకున్నాడు. ఇక బూడిద ముఖం చూడనని భూపాలపల్లిలో స్మార్ట్ లైట్ల బోర్డు పెట్టాడు. చాలాకాలం ఆ బోర్డు చదివింది వాడొక్కడే. చివరికి బొగ్గుబావిలో రిటైరైన కట్టయ్య తన కొత్త ఇంటికి పిలిచాడు. ఈ ఇల్లు చూసి వీధివాళ్లు పిలవాలి, లేదంటే మళ్లీ బూడిదే.

పొద్దుగూకగానే లైట్లు వాటంతటవే వెలగాలి. నరేశ్ కోడ్ ఒక బల్బుకు వెలగమని చెప్పి, అది జవాబిచ్చేదాకా నిలబడి, తర్వాతే ఇంకోదాన్ని అడుగుతుంది. ముందు బిగించాడు గనక వరుసలో మొదటిది బాత్రూం బల్బు. అక్కడ వైఫై అందక అది పలకలేదు. ఇల్లంతా చీకట్లో కూర్చుంది. సంగతి తెలిసి కట్టయ్య భార్య గట్టమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది కొడుకా, లెట్రిన్ల బుగ్గ ఊ అంటేనే దేవుని అర్రల వెలుగొస్తదా?"

నరేశ్ సిగ్గుతో చచ్చాడు. కూర్చుని అసింక్రనస్ కోడ్ రాశాడు. అంటే మరేం లేదు, అందరినీ ఒకేసారి పిలిచి, ఎవరి జవాబు కోసమూ ఆగకపోవడం. వైఫై పెట్టెను కూడా బాత్రూం వైపు జరిపాడు.

మర్నాడు సాయంత్రం లైట్లు గబగబా వెలిగాయి. మన ఇళ్లలో దీపాలవేళ లైటు వెలగగానే దండం పెట్టుకుంటాం గదా. గట్టమ్మ కూడా మొదట వెలిగినదానికి చేతులు జోడించింది. తీరా చూస్తే అది బాత్రూంది, వైఫై పెట్టె ఇప్పుడు దానికే దగ్గర. కట్టయ్య నవ్వాడు, నవ్వకుండా ఉండాల్సింది. ఆమె అన్నీ పీకి పట్టుకుపొమ్మంది.

నరేశ్ బతిమాలి కోడ్ మళ్లీ మార్చాడు. ముందు దేవుడి గది బల్బు పలకాలి, అందాకా అన్నీ ఆగాలి. అది పలికాక మిగతావి ఎవరికి వారే. గట్టమ్మ శాంతించింది.

వారం తిరక్కుండా దేవుడి గది బల్బు మాడిపోయింది. ఇల్లు మళ్లీ చీకటి. కట్టయ్య ఫోన్లో తిట్టిన తిట్లు తండాదాకా వినపడి ఉంటాయి. పని పోయిందనుకుంటూనే నరేశ్ కొత్త బల్బు పట్టుకుని పరిగెత్తాడు. గట్టమ్మ మాత్రం వీధి ఆడవాళ్లను అరుగు మీద పోగేసుకుని కూర్చుంది. కోపం జాడే లేదు.

"దేవుడు లేవంది మా ఇంట్ల ఒక్క బుగ్గ లేవది. గింత నేమం ఉన్న కరెంటు మీ ఇండ్లల్ల ఉన్నదా?"

లేదని వాళ్లు ఒప్పుకున్నారు, నరేశ్‌ను తమ ఇళ్లకూ పిలిచారు. ఇప్పుడు ఆ వీధిలో ఎవరింట్లోనైనా దేవుడి బల్బు మాడితే ఇల్లంతా చీకటే. ఆగని కోడ్ రాయడం కిందా మీదా పడి నేర్చుకున్న మనిషి, ఆగే కోడ్ బిగించి దర్జాగా బతుకుతున్నాడు. వాడి బండి డిక్కీలో మాత్రం ఎప్పుడూ ఒక కొత్త బల్బు ఉంటుంది.