పోస్టాఫీసు తలుపు మీద ఒక్క ఓటు

ఆర్లో స్ట్రూబ్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు: ఎదురు ఓటు. దేశాధ్యక్షుడి ఎన్నిక వచ్చిన ప్రతిసారీ మా ఊళ్లో నలభై ఓట్లు ఒక పార్టీకి, ఒక్కటి మాత్రం అవతలి పార్టీకి. లెక్క కాగితం పోస్టాఫీసు తలుపుకు అంటించగానే ఆర్లో టోపీ వెనక్కి నెట్టి, "ఆ ఒక్కటీ నాదే," అనేవాడు.

నాకు ఒళ్లు మండిపోయేది. ఇంటికీ ఇంటికీ మధ్య పది మైళ్ల గడ్డి ఉన్న కౌంటీ మాది. ఉన్నదే గుప్పెడు మంది, అందులోనూ పేచీయా? చర్చి విందులో అతనికి నేను చేసిన యాపిల్ రొట్టెలో గోరంత ముక్క కోసి పెట్టేదాన్ని. దూడలకు గుర్తు వాతలు పెట్టేరోజు అందరూ కలిసి అతన్ని పొగ కొట్టే వైపు నిలబెట్టేవారు. దగ్గుతూనే నవ్వేవాడు.

"ఏమయ్యా, ఒక్కసారి అందరితో కలిసి వేస్తే నీ ఆవులు ఈనవా?" అని అడిగాను.

"నేనూ కలిస్తే మీరు ఎవర్ని తిట్టుకుంటారమ్మా?"

ఆరో ఎన్నికకు వారం ముందు గేటు మీద పడి అతని కాలు విరిగింది. డెబ్బై మైళ్ల అవతల ఆసుపత్రిలో పడుకున్నాడు. ఓటర్ల పుస్తకంలో సంతకాలు పెట్టించేది నేనే. అతని పేరు దగ్గర ఖాళీ. టపాలోనూ ఓటు రాలేదు. ఈసారి శుభ్రంగా నలభైకి నలభై అని పొంగిపోయాను.

వచ్చినవి ముప్పై తొమ్మిది. అవతలి పార్టీకి ఒకటి.

యాపిల్ రొట్టె ఒకటి చేతబట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. "ఇన్నేళ్లూ ఎటు వేశావు?"

"మీ అందరి లాగే."

"మరి ఆ ఒక్కటీ?"

గోడకేసి చూశాడు. "మొదటిసారి అది పడ్డప్పుడు బడి కమిటీ పెద్ద డెల్మర్ ఏమన్నాడో గుర్తుందా?"

గుర్తుంది. అది టీచరమ్మ హల్డాదే అయితే బడిలో ఆమెకు అదే ఆఖరి ఏడాది అన్నాడు. మా బడికి ఒకటే గది, ఒకరే టీచరు. నా నలుగురు పిల్లలూ ఆమె దగ్గరే అక్షరాలు దిద్దారు. ఆ క్షణానే ఆర్లో టోపీ వెనక్కి నెట్టాడు.

"నాకైనా చెప్పొద్దూ?" అని విరుచుకుపడ్డాను.

"మీకు చెప్పడమంటే రేడియోలో చెప్పడమే కదమ్మా."

రొట్టె అక్కడే పెట్టి, తలుపు ధడాలున వేసి వచ్చేశాను. తిరిగొచ్చేసరికి పోస్టాఫీసు పక్క కిరాణా కొట్లో అందరూ మూగి ఉన్నారు.

"ఆర్లో ఊళ్లో లేడు. మరి ఇదెవరిది?" అంటున్నాడు డెల్మర్. పిండి బస్తా మీద హల్డా చెయ్యి ఆగిపోయింది.

"నాదే," అన్నాను. "ఏం, నేను వెయ్యకూడదా?"

మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా నిజం చెబుతానా? ఆయన కడుపులో మాట ఒక్కపూట నిలవదు.