తవిటమ్మ బొమ్మకి దండ

మా భావనపాడు ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకునేది తవిటమ్మ వదినే. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నౌపడ వీధుల్లో కేకేసి అమ్మే గొంతు అది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. అయినా ఇస్తాం, ఇవ్వకపోతే ఊరుకోదు. ఆవిడ పాడుతుంటే నేను డోలక్ కొడతాను. నా చేతులు బొబ్బలెక్కినా సరే, ఆవిడ ఆపదు.

పాటంటే వదినకి ప్రాణం. పాటయ్యాక జనం కొట్టే చప్పట్లంటే ఇంకాస్త ప్రాణం. చప్పట్లు తగ్గిన ఆదివారం ఆవిడ మొగుడు, మా అప్పలసూరన్నకి ఇంట్లో చల్లారిన అన్నమే. ఈ సంగతి ఆయనే చెప్పాడు, పాపం.

మందిరం కట్టి పదేళ్లయిన పండక్కి ఫ్లెక్సీ వేయిద్దామన్న బుద్ధి నాకే పుట్టింది. టెక్కలి వెళ్లి చేయించుకొచ్చాను. పైన పాస్టరు ధనరాజుగారు, మధ్యలో మైకు పట్టుకుని మనిషెత్తున వదిన, కింద మూలగా నేనూ నా డోలక్కూ. ‘దేవునికి స్తోత్రం’ అన్న మాటకి చోటు చాలక అంచున ఇరికించారు. ఆధార్ కార్డు మీద తప్ప వదిన బొమ్మ ఎక్కడా లేదు, ఆ కార్డు చూస్తే కట్టుకున్నవాడే జడుసుకుంటాడు. అందుకే ఫ్లెక్సీ చూసి నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది.

“ఒరే మరిదీ, నానింత బాగుంటానేటిరా?”

“ఇంకా బాగుంటావు వదినా. ప్రింటింగోడు తగ్గించేసినాడు.”

వేరే గోడ చాలక వేదిక వెనక, సిలువ మీదుగానే కట్టేశాం. సిలువ కనబడదే అని ఒక్కరికీ తోచలేదు. పాస్టరుగారికీ తోచలేదు. ఆయన బొమ్మ కూడా బాగా వచ్చింది మరి!

పండగ ఆదివారం మందిరం కిటకిటలాడింది. కొత్త చీరలో వదిన గొంతు సవరించుకుంటోంది. అంతలో మరిడమ్మ లేచింది. ముసలావిడ, కళ్లలో శుక్లాలు, మందిరానికి రావడం మొదలెట్టి ఆర్నెల్లే. కొడుకు గంగులు పడవేసుకుని వేటకెళ్లాడు, బయట గాలి జోరుగా ఉంది. వేటకెళ్లినవాళ్ల కోసం అమ్మవారి బొమ్మకి బొట్టుపెట్టి మొక్కడం ఆవిడకి చిన్ననాటి అలవాటు. తడుముకుంటూ వేదికెక్కి, కనకాంబరాల దండ ఫ్లెక్సీ కట్టిన మేకుకి తగిలించి, వదిన బొమ్మ నుదుట బొట్టుపెట్టి మోకరించింది.

“తల్లీ, ఎవలివో గాని నవ్వుమొకం నీది. గాలి బాగోనేదు. నా గుంటడిని బేగి ఒడ్డుకి తెచ్చీయే.”

దండేసిన ఫొటో చూసి వెనకనుంచి ఎవరో, “అయ్యో, తవిటమ్మ ఎప్పుడు పోయినాది?” అన్నారు. మందిరం మొత్తం పగలబడి నవ్వింది. నేనైతే డోలక్ మీద బోర్లా పడ్డాను.

వదిన మాత్రం నవ్వలేదు. కొత్త చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వేదికెక్కింది.

“అత్తా, అది నానే, తవిటమ్మని! నన్నడిగితే నానేటి సేస్తానే? పడవ మోటారాగిపోతే తాడు లాగడం కూడా నాకు రాదు!”

అంటూనే ఫ్లెక్సీ తాడు పళ్లతో పట్టింది. వలతాళ్లు కొరికిన పళ్లవి.

“వదినా, ఈ ఒక్క ఆదివారం ఉండనీయే!” అని బతిమాలాను. మూలన నేనూ ఉన్నాను కదా.

“నోర్ముయ్యిరా! నీ మొకానికీ నా మొకానికీ మొక్కడానికేటి ఈలందరూ వచ్చింది?”

పాస్టరుగారు తలొంచుకుని రెండో కొస విప్పారు. ఫ్లెక్సీ జారిపోయి సిలువ కనబడింది. వదిన మరిడమ్మ పక్కన మోకాళ్లూని, “ఈయన్నడుగు అత్తా, సముద్రం ఈయనది” అంది. మైకు ముట్టుకోకుండా అక్కడినుంచే పాట ఎత్తుకుంది. ఆడవాళ్లందరూ అందుకున్నారు. అప్పలసూరన్న శ్రుతి తప్పి అందుకున్నాడు. ఎవరి గొంతు ఏదో తెలియలేదు. నా డోలక్ కూడా ఎవరికీ వినబడలేదు, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. కానీ అంత సంతోషం ఆ మందిరంలో నేనెప్పుడూ ఎరగను.

గంగులు మధ్యాహ్నానికి క్షేమంగా ఒడ్డెక్కాడు లెండి. నేను చెప్పేది అంతకుముందు సంగతి. పాటయ్యాక ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అంతసేపూ కొడుకు ధ్యాసలోనే ఉన్న మరిడమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

“ఒసే, ఎవలే అంత బాగా పాడినారు?”

వదిన నోరు తెరిచింది. ‘నానే’ అనడానికి ఆ నోరు ఎంత తహతహలాడిందో ఎదురుగా కూర్చున్న నాకు తెలుసు. మూసేసింది. మింగింది. మళ్లీ తెరిచింది.

“ఎవలో లే అత్తా. ఇనవలసినాయన ఇన్నాడు.”