తెరపై మిగిలిన ఒక్క పేరు

కంప్యూటర్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా అన్నయ్యకు తోడుగా కోరుట్లలోని ఒక గల్ఫ్ ఏజెంటు కార్యాలయానికి వెళ్లాను. వెల్డింగ్ పరీక్షలో నెగ్గినవారి పేర్లను కంప్యూటర్ తెరపై చూపారు. కనిపించింది ఒక్క పేరే. మరమగ్గాల సాంచెలు మూతపడి, బతుకుదెరువుకు సిరిసిల్ల నుంచి వచ్చిన గంగారాంది.

"గీ సిరిసిల్లోడు పైసలు తినబెట్టిండు. కొట్టుండ్రి!" అని అరుస్తూ, పరీక్షకు వచ్చినవాళ్లలో ఒకడైన మల్లేశం ఇనుప కుర్చీతో అతని నుదురు పగలగొట్టాడు. కిందపడినవాణ్ని మిగతావాళ్లు తన్నసాగారు.

"ఆధారమేది?" అన్న నా ప్రశ్న ఎవరికీ వినబడలేదు. ఏజెంటు బల్ల కింద దాక్కున్నాడు. నేనే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం చూశాను. పేర్లను ఒక్కొక్కటిగా తెచ్చే లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త పేరు పాత పేరును చెరిపి అదే చోట కూర్చుంటోంది. నెగ్గినవారిలో గంగారాం చివరివాడు కాబట్టి అతనొక్కడే మిగిలాడు. ప్రతి ఫలితమూ ఒక అరేలో, అంటే జాబితాలో, వరుసగా చేరేలా మార్చి, వచ్చిన పేర్లను గొంతెత్తి చదివాను. రెండో పేరు మల్లేశంది. తన్నులు ఆగాయి.

గంగారాం నెత్తురు తుడుచుకుంటూ, "గాడ గల్ఫ్‌ల మనం ఉండేది ఒక్కటే క్యాంపంట మల్లన్నా. గా కుర్చీ ఈడనే ఇడిసిపెట్టి రా," అన్నాడు.

వాదంలో ఆధారం చూపితే చాలని కళాశాలలో నమ్మేదాన్ని. అది చూపేలోపే ఒక మనిషి నుదురు పగలడం మరచిపోలేకపోతున్నాను.