గోడ మీది స్విచ్చు

ముప్ఫై ఏళ్లుగా కంప్యూటర్ ప్రోగ్రాంలు రాస్తున్నా “అయిపోయింది” అనే మాట నా నోట తేలిగ్గా రాదు. మందమర్రి బొగ్గుగనుల ఆఫీసులో నా మొదటి ఉద్యోగంలో మా పెద్దసారు చేసిన పని అది. ఆ మాట వినబడితే చాలు, లేచి వెళ్లి కంప్యూటర్‌కు కరెంటిచ్చే గోడ మీది స్విచ్చు ఆర్పేసేవారు.

బొగ్గుబాయిలోకి ఎవరు దిగారో, ఎవరు పైకి వచ్చారో చూపించే ప్రోగ్రాం రాసి గర్వంగా ఆయన్ని పిలిచాను. నేను పేర్లు కొడుతుండగానే టక్కున ఆర్పేశారు. మళ్లీ వేస్తే తెర మీద ఒక్క పేరూ లేదు.

“గిప్పుడు చెప్పు, కింద ఎవరున్నరు?”

“కరెంటు పోతే నేనేం చెయ్యాలె సార్?”

“మనకాడ కరెంటు పోని రోజున్నదా? రేపు కింద ప్రమాదమైతే, బాయి కాడికి ఉరికొచ్చిన ఇంటోళ్లకు గిదే చెప్తవా?”

నాకు రోషం పొడుచుకొచ్చింది. కొట్టిన ప్రతి పేరూ వెంటనే డిస్కులోకి చేరేలా మొత్తం మొదటినుంచీ రాశాను.

అధికారులకు చూపించే రోజు సారు లేవబోయారు. “మీరు కూసోండి సార్” అని నేనే వెళ్లి స్విచ్చు ఆర్పేశాను. అధికారులు కంగారుపడ్డారు. మళ్లీ వేయగానే పేర్లన్నీ వచ్చాయి.

మెచ్చుకుంటారేమోనని సారు వైపు చూశాను.

“మల్లొక్కసారి బంద్ చెయ్” అన్నారు.