నాచు డాక్టరుగారి టూత్‌బ్రష్

పళ్ల డాక్టరుగారికి ఒకటే పిచ్చి. గుమ్మం తొక్కిన ప్రతి మనిషి చేతిలోనూ కర్రకు కట్టిన టూత్‌బ్రష్ పెట్టి, చేపల తొట్టి అద్దం తోమమనేవారు. బుగ్గ పట్టుకుని మూలుగుతూ వచ్చినవాళ్లయినా సరే, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడైనా సరే. కట్టుడు పళ్ల కోసం వచ్చిన సొంత మామగారు కూడా తప్పించుకోలేకపోయారు. "అల్లుడుగారూ, పిల్లనిచ్చింది ఇందుకా?" అని గొణుక్కుంటూనే ఆయన మూలమూలలా తోమారట.

తోమేవాళ్ల పక్కన నిలబడి డాక్టరుగారు ఒకటే పాట పాడేవారు. "పైనుంచి కిందికి, గుండ్రంగా, మెల్లగా. అంత నొక్కకండి, అద్దానికీ చిగుళ్లుంటాయి!"

జనం ఆయనకు నాచు డాక్టరని పేరు పెట్టారు. పనిమనిషి జీతం మిగుల్చుకుంటున్నాడని కొందరు, చేపల మీదున్న శ్రద్ధ పళ్ల మీద లేదని మరికొందరు అనుకునేవారు. ఆయన విని నవ్వేసేవారు.

అక్కడ కొత్తగా చేరిన నర్సుకి మాత్రం ఇది తల కొట్టేసినట్టుండేది. ఆమెకు శుభ్రమంటే ప్రాణం. తొట్టిలో మొక్కలు ఏపుగా ఉన్నాయి, చేపలు చలాకీగా తిరుగుతున్నాయి. ముందు అద్దం మాత్రం ఎంతమంది తోమినా నాలుగు రోజులకే పచ్చగా అయ్యేది. దాని అంతేమిటో చూద్దామని ఆమె ఒకరోజు చేపల కొట్టుకి వెళ్లింది.

"తొట్టి ఎక్కడ పెట్టారు?" అన్నాడు కొట్టాయన.

"కిటికీ పక్కన."

"లైటు?"

"తలుపు తీసింది మొదలు మూసేదాకా వెలుగుతూనే ఉంటుంది."

"మేత?"

"డాక్టరుగారికి ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు."

కొట్టాయన తల పట్టుకున్నాడు. "మీరు పెంచుతున్నది చేపల్ని కాదు తల్లీ, నాచుని! ఎండ పడకుండా కిటికీకి తెర వెయ్యండి. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. మేత చేపలు వెంటనే తినేసేంత వెయ్యండి, మిగలకూడదు. వారం వారం కొంచెం నీళ్లు మార్చండి. త్వరగా పెరిగే మొక్కలు ఇంకో నాలుగు గుచ్చండి. నీళ్లలోని సారమంతా అవి లాగేసుకుంటే నాచుకి మిగిలేదేముంటుంది?"

ఆమె పట్టు పట్టింది. తెర వేస్తే, గాలాడటం లేదంటూ డాక్టరుగారు తీసేవారు. లైటు ఆర్పితే, చేపలు బెంగపెట్టుకుంటాయంటూ వేసేవారు. 'బెంగ చేపలకా, తమరికా?' అన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇంతలో పళ్ల డాక్టర్ల సభ ఏదో ఉందని ఆయన రెండు వారాలు ఊరెళ్లారు. ఇక ఆమెకు అడ్డేముంది?

ఆయన తిరిగొచ్చేసరికి, అసలు అద్దం ఉందా లేదా అని వేలు పెట్టి చూసుకోవాల్సినంత శుభ్రంగా ఉంది తొట్టి. ఇక మెచ్చుకోవడమే తరువాయి అని నర్సు నిలబడింది. డాక్టరుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఒక్క మరకైనా లేదేంటమ్మా?"

"ఒక్కటీ లేదండి!"

"అయ్యో" అన్నారాయన.

ఆమెకు ఒళ్లు మండింది. ఇంత చాకిరీ చేస్తే అయ్యోనా?

ఆ రోజే, లోపల కుర్చీలో ఒకాయనకి వైద్యం జరుగుతుండగా, ఒక లారీ డ్రైవరు వచ్చాడు. వచ్చాడనడం కన్నా, భార్య లాక్కొచ్చిందనడం సబబు. కొండంత మనిషి, బారెడు మీసం, గుమ్మడికాయంత దవడ. అప్పటికే వేరే రెండు ఆసుపత్రుల నుంచి పారిపోయాడట.

డాక్టరుగారు దవడ తడిమి చూశారు. "వాపు మెడకి దిగుతోంది. ఇవాళ పన్ను తీయకపోతే ప్రాణం మీదికొస్తుంది. లోపలున్నాయన పని అవగానే పిలుస్తాను" అంటూ అలవాటుగా కర్ర అందుకున్నారు. అద్దం వైపు చూసి, కర్రని మళ్లీ గోడకి ఆనించి లోపలికి వెళ్లిపోయారు.

లోపల మిషను గుయ్యిమంది. డ్రైవరు చొక్కా గుండీ మెలిపెట్టడం మొదలెట్టాడు. ఆ గుండీ ఊడొచ్చింది. మిషను మళ్లీ గుయ్యిమంది. ఆయన మోకాళ్ల వణుకుకి వరసలో ఉన్న కుర్చీలన్నీ ఊగాయి. మూడోసారికి లేచి నిలబడ్డాడు.

"నొప్పి తగ్గిపోయిందే. పద, పోదాం."

"ఏమండీ! చిన్నపిల్లలు నయం మీకన్నా!" అని భార్య చెయ్యి పట్టుకునేలోపే ఆయన మెట్ల దగ్గరున్నాడు.

నర్సు చూపు గోడకి ఆనించిన కర్ర మీద పడింది. తను చేరినప్పటి నుంచి ఈ గదిలోంచి ఒక్కరు కూడా పారిపోలేదు. అందరూ అద్దం తోముతూ ఉండేవారు! అప్పుడు వెలిగింది ఆమెకు. తొట్టి వెనక, రాయి చాటున, తన చెయ్యి అందక వదిలేసిన అరచేయంత పచ్చ మచ్చ గుర్తొచ్చింది.

"అన్నయ్యా! ఒక్క సాయం చేసి వెళ్లండి. వెనక అద్దం నాచు నాకు అందడం లేదు. మీరైతే పొడుగు!"

ఆడపిల్ల అన్నయ్యా అని పిలిచాక అంత మీసం పెట్టుకుని వెళ్లిపోతే ఏం బాగుంటుంది? డ్రైవరు వెనక్కి వచ్చాడు. మొదట బ్రష్ వణికింది, తర్వాత కుదురుకుంది.

"పైనుంచి కిందికి, గుండ్రంగా" అంది నర్సు. "అంత నొక్కకండి, అద్దానికీ చిగుళ్లుంటాయి."

డాక్టరుగారు ఎప్పుడొచ్చారో, పక్కనే నిలబడి ఉన్నారు. "లారీ అద్దం కూడా ఇంత బాగా తోముతారా?"

"దానికింత ఓపిక ఎక్కడుందండీ!"

"ఏదీ, ఒక్కసారి నోరు తెరవండి."

తెరిచాడు. మాటల్లో పడి లోపలికి నడిచాడు. కాసేపటికి దూది కరుచుకుని బయటికొచ్చి, "మూల కొంచెం మిగిలిపోయింది. రేపొచ్చి తోముతా" అని ముద్దముద్దగా చెప్పి వెళ్లాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ!" అంది నర్సు.

డాక్టరుగారు ఏదో దొంగతనం బయటపడ్డట్టు సిగ్గుపడ్డారు. "మీకు భయంగా ఉంది, అందుకని ఇది తోమండి అంటే ఎవరైనా తోముతారా అమ్మా? నాకు పిచ్చనుకుంటేనే తోముతారు. మా మామగారైతే మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కిపోయారు, పాపం."

ఆ మాటకి నర్సుకి నవ్వొచ్చింది, ఆయన మీద ఎక్కడలేని అభిమానమూ కలిగింది. ఇన్నాళ్లూ ఇంతమంది భయాన్ని ఈయన తన పిచ్చి కింద దాచిపెట్టారన్నమాట.

మర్నాడు పొద్దున్నే ఆమె చేపల కొట్టుకి వెళ్లింది.

"నాచు పోయిందా తల్లీ?" అన్నాడు కొట్టాయన.

"పూర్తిగా పోయిందండీ. ఇప్పుడది తొందరగా మళ్లీ రావాలంటే ఏం చెయ్యాలి?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మీకూ డాక్టరుగారి గాలి సోకిందా?"

"సోకిందండీ" అంది నర్సు. "కాస్త పెద్ద డబ్బా మేత కూడా ఇవ్వండి."